ఫెర్న్ కాని ఫెర్న్: ఆస్పరాగస్ మొక్క చరిత్ర

ఇండ్లలోను, కార్యాలయాలలోను, పాఠశాలల వరండాలలోను కుండీలలో పెంచే అలంకారపు మొక్కలలో ఆస్పరాగస్ ఫెర్న్ ఒకటి. పక్షి ఈకవలె పలుచగా ఉండే దాని కొమ్మలను పెండ్లి పూలగుత్తులలో గులాబీల నడుమ చేర్చడం చాలామంది చూచినదే. ఆ రూపాన్ని చూచి దానిని ఫెర్న్ అని పిలవడంలో వింత లేదు. కాని వృక్షశాస్త్ర దృష్టిలో ఇది ఫెర్న్ కాదు. ఫెర్నులు పూయవు, కాయవు. ఈ మొక్క చిన్న తెల్లని పూలు పూస్తుంది. గింజలున్న గుండ్రని పండ్లు కాస్తుంది. దీని కుటుంబం ఆస్పరాగేసీ. మన పొలాల గట్లమీద కనిపించే కిత్తనార, అడవులలో నారకోసం కోసే చాగ కూడా నేటి వర్గీకరణను బట్టి ఆ కుటుంబానికి చెందినవే.

పేరు తప్పయినంత మాత్రాన నష్టమేమి అని అడగవచ్చును. నష్టం రెండు విధాలుగా కలిగినది. ఫెర్న్ అనుకొని ఫెర్నుకు చేసే సంరక్షణ దీనికి చేసినందువల్ల కుండీలలో ఎన్నో మొక్కలు కుళ్ళి చనిపోతున్నవి. గింజలున్న మొక్క అని గుర్తుంచుకొనక పారవేసినందువల్ల కొన్ని దేశాలలో ఇది అడవులలోకి ప్రవేశించి అక్కడి మొక్కలను అణగద్రొక్కినది. ఈ రెండింటికీ మూలం 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఉన్నది.

గాజుసీసాలో మొలచిన మొక్క

నతానియెల్ బ్యాగ్‌షా వార్డ్ లండన్ నగరపు తూర్పు భాగంలో నివసించిన వైద్యుడు. ఆయనకు మొక్కలన్న ఎంతో మక్కువ. ఇంటి పెరటిలో రాళ్ళు పేర్చి వాటి నడుమ ఫెర్నులను పెంచాలని ప్రయత్నించినాడు. కాని కర్మాగారాల బొగ్గుపొగకు అవి బ్రతుకలేదు. 1829లో ఆయన ఒక చిమ్మెట పురుగు రూపవిక్రియను పరిశీలించడానికి దాని ప్యూపాను తడిమట్టిలో ఉంచి, ఆ మట్టిని మూతగల గాజుసీసాలో పెట్టినాడు. పగటి వేడికి మట్టిలోని తేమ ఆవిరియై సీసా గోడలపై బిందువులుగా ఏర్పడి, తిరిగి మట్టిలోకే జారుతున్నది. కొన్నాళ్ళకు ఆ మట్టిలో ఒక చిన్న ఫెర్న్, ఒక గడ్డిమొక్క మొలచినవి. పెరటిలో ఎంత శ్రమించినా బ్రతుకని ఫెర్న్ సీసాలో తనంతట తానే మొలచినది! నీరు పోయకుండానే అవి దాదాపు నాలుగేండ్లు జీవించినవి. తుదకు మూత తుప్పుపట్టి వాననీరు లోపలికి దిగినందువల్ల చనిపోయినవి.

ఈ పరిశీలననుండి వార్డ్ పెట్టెలు పుట్టినవి. చెక్కచట్రానికి గాజుపలకలు బిగించి, గాలి దాదాపుగా చొరకుండా మూసిన పెట్టెలవి. 1833లో అట్టి పెట్టెలలో మొక్కలను ఓడపై ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పంపి చూచినారు. అవి క్షేమంగా చేరినవి. తిరుగు ప్రయాణంలో ఆస్ట్రేలియా ఫెర్నులు కూడ సజీవంగా లండన్ చేరినవి. అంతకు పూర్వం ఉప్పుగాలి, మంచినీటి కొరత వల్ల దూరప్రయాణంలో మొక్కలలో అధికభాగం చనిపోయేవి. 1842లో వార్డ్ తన పద్ధతిని గ్రంథంగా ప్రకటించినాడు. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనానుండి తేయాకు మొక్కలను హిమాలయ ప్రాంతపు తోటలకు చేర్చడంలో ఈ పెట్టెలే ఉపయోగపడినవి. మొక్కలు ఖండాలు దాటడానికి ఆ విధంగా ఒక త్రోవ ఏర్పడినది.

1845లో బ్రిటన్‌లో గాజుమీది పన్ను రద్దయినది. గాజు చౌకయినది. వార్డ్ పెట్టె మధ్యతరగతి ఇండ్లలో అలంకారవస్తువుగా వెలసినది. దానిలో పెంచడానికి ఫెర్నులను మించినవి లేవని జనం భావించినారు. ఆ మోజు ఎంతగా పెరిగినదంటే, 1855లో చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత దానికి ‘ఫెర్న్ పిచ్చి’ అనే అర్థం వచ్చే టెరిడోమేనియా అన్న పేరు పెట్టినాడు. యువతీయువకులు కొండలలో, లోయలలో తిరిగి ఫెర్నులను వేళ్ళతో పెకలించి తెచ్చినారు. ఐర్లండుకు చెందిన కిలార్నీ ఫెర్న్ వంటి అరుదైన జాతులు ఈ సేకరణవల్ల అనేక తావులలో కనుమరుగైనవి.

ఫెర్న్ తేమను ఎందుకు కోరుతుంది?

ఫెర్నులకు గాజుపెట్టె అంతగా నప్పడానికి కారణం వాటి జీవితచక్రంలో ఉన్నది. పూలు లేని ఈ మొక్క ఎట్లు వృద్ధిపొందుతున్నదో చిరకాలం ఎవరికీ తెలియలేదు. జమైకాలో వైద్యుడుగా ఉన్న జాన్ లిండ్సే ఆకు అడుగున ఉండే ధూళిని చల్లి దానినుండి ఫెర్న్ మొక్కలను మొలిపించి, ఆ విషయాన్ని 1794లో ప్రకటించినాడు. ఆ ధూళిరేణువులే సిద్ధబీజాలు. 1851లో విల్‌హెల్మ్ హాఫ్‌మైస్టర్ అసలు రహస్యాన్ని వివరించినాడు. లైప్‌జిగ్ నగరంలో పుస్తకవ్యాపారం చేసుకొంటూ స్వయంకృషితో వృక్షశాస్త్రం నేర్చినవాడాయన. సిద్ధబీజం మొలచి నేలకు అంటుకొని ఉండే పలుచని పచ్చని రేకు ఏర్పడుతుంది. దానిని ప్రథాళం అంటారు. దానిపై పుట్టే పురుషబీజకణాలు నీటిపొరలో ఈది స్త్రీబీజకణాన్ని చేరితేనే కొత్త ఫెర్న్ పుడుతుంది. ఆ పలుచని నీటిపొర లేకపోతే ఫెర్నుకు సంతానం లేదు.

పెద్దయిన తరువాత కూడ అధికభాగం ఫెర్నులు నీడను, తేమగాలిని కోరుతాయి. గాజుపెట్టె వెలుపల, చలికాలంలో పొయ్యి వేడికి ఎండిన గదిగాలిలో అవి వాడిపోయేవి. ఫెర్న్ రూపం కావాలి. ఫెర్న్ నాజూకుతనం వద్దు. ఇట్టి కోరికకు తగిన మొక్క దక్షిణాఫ్రికానుండి వచ్చినది.

ఆఫ్రికానుండి ఐరోపాకు

దక్షిణాఫ్రికాలోని ఆస్పరాగస్ జాతులు ఐరోపా శాస్త్రజ్ఞులకు అంతకుముందే కొంత తెలుసు. 1753లో లినేయస్ ఒక తీగజాతికి పేరు పెట్టినప్పుడు దానిని ఆస్పరాగస్ ప్రజాతిలో గాక మెడియోలా అనే వేరొక ప్రజాతిలో చేర్చినాడు. 1767లో ఆయన మరియొక జాతికి ఆస్పరాగస్ ఏథియోపికస్ అని పేరు పెట్టినాడు. ఇక్కడ ఏథియోపికస్ అంటే నేటి ఇథియోపియా దేశమని అర్థం కాదు. ఆ కాలపు రచనలలో దక్షిణాఫ్రికా మొక్కలకు కూడ ఆ విశేషణం వాడేవారు.

ఈకవంటి కొమ్మలుగల జాతిని జర్మన్ శాస్త్రజ్ఞుడు కుంత్ 1850లో వర్ణించి, నూగువంటిది అనే భావంతో సెటేసియా అన్నాడు. 1875లో క్యూ ఉద్యానంలో పనిచేసే జాన్ గిల్బర్ట్ బేకర్ అదే మొక్కను ఈకవంటిది అనే అర్థంలో ఆస్పరాగస్ ప్లుమోసస్ అన్నాడు. తోటమాలులు, పూలవర్తకులు ఈ రెండవ పేరునే వాడుకలోకి తెచ్చినారు. కాని వృక్షనామకరణ నియమాల ప్రకారం ముందుగా ప్రకటించిన జాతిపదానికే ప్రాధాన్యం. అందువల్ల 1966లో జెస్సప్ దక్షిణాఫ్రికా జాతులను సమీక్షించినప్పుడు దీని పేరు ఆస్పరాగస్ సెటేసియస్‌గా స్థిరపడినది. పాత పుస్తకాలలో ప్లుమోసస్ అని కనిపిస్తే అది ఈ మొక్కే అని గ్రహించాలి.

రెండవ ప్రసిద్ధ జాతి స్ప్రెంగెరి. కార్ల్ స్ప్రెంగర్ (1846–1917) ఇటలీలోని నేపుల్స్ సమీపంలో మొక్కల పెంపకం సాగించిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన మొక్కకు 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఉద్యానాధిపతి రేగెల్ ఆయన పేరుమీదుగా ఆస్పరాగస్ స్ప్రెంగెరి అని నామకరణం చేసినాడు. నేడు తోటల గ్రంథాలు పెక్కు దీనిని ఆస్పరాగస్ డెన్సిఫ్లోరస్ అంటున్నవి. కలుపుమొక్కలను గూర్చిన గ్రంథాలలో ఎక్కువగా ఏథియోపికస్ అనే పేరు కనిపిస్తుంది. ఇన్ని పేర్ల మధ్య శాస్త్రజ్ఞులకే తికమక కలిగినప్పుడు, చూచినంతనే ఫెర్న్ అనుకొన్న సామాన్యులను తప్పుపట్టలేము.

తుంచిన కొమ్మ నీటిలో చాలారోజులు వాడకుండా ఉండడం ఈ మొక్కల గొప్ప గుణం. పూలవర్తకులకు అది వరమైనది. అమెరికాలోని ఫ్లోరిడాలో చెక్కబద్దల పందిళ్ళ నీడలో ప్లుమోసస్‌ను విస్తారంగా పండించి కొమ్మలను నగరాలకు పంపేవారు. ఆ తరువాత అక్కడ దాని స్థానాన్ని చాలవరకు తోలువంటి ఆకులుగల ఒక నిజమైన ఫెర్న్ ఆక్రమించినది. ఫెర్న్ స్థానంలో వచ్చిన మొక్కను ఫెర్నే తొలగించినదన్నమాట.

ఆకు కాని ఆకు

ఫెర్న్ ఆకు నిజమైన ఆకు. లేతదశలో అది గడియారపు స్ప్రింగువలె చుట్టుకొని ఉండి క్రమంగా విప్పుకొంటుంది. ఆస్పరాగస్ మొక్కలో పచ్చని ఈకవలె కనిపించేది ఆకు కాదు, కాండం. లేతమోసు నిటారుగా సన్నని కర్రవలె లేస్తుంది. తరువాత కొమ్మలు వేస్తుంది. కొమ్మలపై గుత్తులుగా ఉండే పచ్చని సూదులు కూడ కాండభాగాలే. వీటిని క్లాడోడులు అంటారు. కిరణజన్య సంయోగక్రియను జరిపేవి ఇవే.

అయితే అసలు ఆకు ఏమైనది? భూతద్దంతో చూస్తే క్లాడోడుల గుత్తి మొదట చిన్న ఎండు పొలుసు కనిపిస్తుంది. అదే ఆకు. కొమ్మ ఎప్పుడూ ఆకు గ్రీవంనుండి పుడుతుంది. పొలుసు గ్రీవంలో పుట్టినందువల్లనే ఈ పచ్చని సూదులు కొమ్మలని తేలుతున్నది. ముదురు కాడలపై ఆ పొలుసుల మొదళ్ళు గట్టిపడి ముండ్లవుతాయి. ఆస్పరాగస్‌కు ముల్లు తప్ప ఆకు లేదని గ్రీకు శాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టస్ క్రీస్తుకు పూర్వమే వ్రాసినాడు. ఐరోపాలో కూరగా తినే ఆస్పరాగస్ కూడ ఈ ప్రజాతిలోనిదే. అక్కడ లేతమోసునే వండుకొంటారు. రోమన్ రచయిత కాటో క్రీ.పూ. 2వ శతాబ్దిలోనే దాని సేద్యాన్ని వివరించినాడు.

తెలుగు విద్యార్థులు దీనిని చూడడానికి ఆఫ్రికా మొక్కకోసం వెదకనవసరం లేదు. పిల్లిపీచర అని, శతావరి అని పిలిచే ముండ్లతీగ ఈ ప్రజాతిలోనిదే. 1799లో విల్డెనోవ్ దీనికి ఆస్పరాగస్ రెసిమోసస్ అని పేరు పెట్టినాడు. మందుకోసం త్రవ్వే దాని దుంపవేళ్ళు ఒకే మొదలునుండి గుత్తిగా దిగుతాయి. సన్నని క్లాడోడులు, పొలుసాకులు, ముండ్లు, నీరు నిలువచేసే వేళ్ళు అన్నీ ఒకే కథ చెబుతున్నవి. ఎండకాలాన్ని ఓర్చుకొనే మొక్క ఇది. నీటిపొరకోసం ఎదురుచూచే మొక్క కాదు.

కుండీలో పెంపకం

ఈ నిర్మాణం తెలిసిన తరువాత పెంపకపు నియమాలను కంఠస్థం చేయనక్కరలేదు. అవి వాటంతట అవే తేలుతాయి.

మొదటిది నీరు. ఫెర్న్ అనే పేరు విని రోజూ తడిపేవారు పెక్కుమంది. మట్టిరేణువుల నడుమ ఉండవలసిన గాలి స్థానంలో నీరు నిలిస్తే వేళ్ళకు ఆక్సిజన్ అందదు, అవి కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేవు కనుక పై కొమ్మలు పసుపుబారి, సూదులు రాలుతాయి. అది చూచి మొక్కకు నీరు చాలలేదని భావించి మరింత పోస్తారు. రోగమూ, చికిత్సా ఒకటే అవుతుంది! పైమట్టి వ్రేలితో తాకి చూచి, ఒక అంగుళం లోతువరకు ఆరిన పిమ్మట బాగా తడపడం సరియైన పద్ధతి. కుండీ అడుగున రంధ్రం తప్పక ఉండాలి. అయితే పూర్తిగా ఎండగట్టినా సూదులు రాలుతాయి. స్ప్రెంగెరికి దుంపవేళ్ళు ఉన్నందున అది కొద్దిరోజుల కరవును ఓర్చుకొంటుంది. నాజూకైన సెటేసియస్‌కు అంత ఓర్పు లేదు.

రెండవది వెలుగు. అడవి అంచులలో, పొదలలో పెరిగిన మొక్క కనుక వడకట్టిన వెలుతురు దీనికి ఇష్టం. మన వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగిలితే కొమ్మలు మాడిపోతాయి. చీకటిగదిలో ఉంచితే చిక్కదనం పోయి పసుపుబారుతాయి. ఉదయపు లేత ఎండ తగిలే వరండా దీనికి సరిపోతుంది. మంచు కురిసే చలిని ఇది భరించలేదు; తెలుగుదేశంలో అధికభాగానికి ఆ భయం లేదు.

మట్టి విషయంలో ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన ఆకుఎరువు కలిపితే చాలు. స్ప్రెంగెరి దుంపవేళ్ళు కుండీని నింపి, ఒక్కొక్కప్పుడు పగులగొడతాయి కూడ. అప్పుడు మొక్కను బయటకు తీసి, మొదలును కత్తితో రెండు మూడు భాగాలుగా కోసి వేరువేరుగా నాటవచ్చును. ప్రతి భాగంలోను కొమ్ము, మోసు ఉండాలి. ఉత్త దుంపను నాటితే మొక్క రాదు. అది నీటి నిలువ మాత్రమే. గింజలను ఒక రాత్రి నానబెట్టి నాటినా కొన్ని వారాలకు మొలుస్తాయి. పొడిగాలిలో ఎర్రనల్లి పట్టవచ్చును. కొమ్మలను నీటితో కడిగితే తగ్గుతుంది. ముదిరి పసుపుబారిన కాడలను మొదటికంటా కోస్తే కొత్త మోసులు వస్తాయి. పండ్లు తింటే కడుపునొప్పి, వాంతులు కలుగవచ్చును గనుక చిన్నపిల్లలకు, పెంపుడు జంతువులకు అందనీయరాదు. కొందరికి మొక్క రసం తగిలితే చర్మంపై దద్దురు వస్తుంది.

కుండీ దాటిన మొక్క

ఇంటిలో మొక్కను బ్రతికించిన గుణాలే బయట దానిని శత్రువుగా మార్చినవి. దుంపవేళ్ళు కరవును తట్టుకొన్నవి. పండ్లను పక్షులు తిని గింజలను దూరంగా విసర్జించినవి. నీడలో మొలవగల శక్తి అడవిలోపలికి త్రోవ చూపినది.

19వ శతాబ్దిలో ఆస్ట్రేలియాకు అలంకారంకోసం తెచ్చిన దక్షిణాఫ్రికా తీగలలో ఆస్పరాగస్ ఆస్పరాగాయిడిస్ ఒకటి. పూర్వం లినేయస్ మెడియోలా అన్న మొక్క అదే. పెండ్లికుమార్తె పూలగుత్తిలో చేర్చేవారు గనుక దానిని అక్కడ పెండ్లితీగ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అది పొదలపైకి ప్రాకి వాటికి వెలుతురు అందకుండా కప్పివేసినది. నేలలో దాని దుంపలు దట్టమైన చాపవలె అల్లుకొని ఇతర మొక్కల మొలకలకు చోటు లేకుండా చేసినవి. 1999లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దానిని జాతీయ ప్రాముఖ్యం గల కలుపుమొక్కల జాబితాలో చేర్చినది. 2012లో ఏథియోపికస్, ప్లుమోసస్ మొదలైన దాని బంధువులు కూడ ఆ జాబితాకు ఎక్కినవి. లార్డ్ హౌ అనే చిన్న ద్వీపంలో వీటిని ఏరివేసే పని పెద్ద ఎత్తున సాగించవలసివచ్చినది. ఫ్లోరిడా, హవాయి ప్రాంతాలలో కూడ ఏథియోపికస్ కలుపుమొక్కగా మారినది.

పెండ్లితీగను అదుపుచేయడానికి శాస్త్రజ్ఞులు దాని స్వస్థలమైన దక్షిణాఫ్రికాలోనే దాని శత్రువులను వెదకినారు. కూరగా పండించే ఆస్పరాగస్ కూడ ఆస్ట్రేలియా రైతుల పంట. కలుపును తినడానికి తెచ్చిన పురుగు పంటను తినరాదు. కనుక బంధుజాతులపై ఎన్నో పరీక్షలు జరిపిన తరువాతనే 1999లో ఒక దీపపు పురుగును, 2000లో ఒక కుంకుమ తెగులు శిలీంధ్రాన్ని విడిచినారు. విక్టోరియా రాష్ట్రంలో పాఠశాల విద్యార్థులు ఈ పురుగులను పెంచి విడిచే పనిలో పాలుపంచుకొన్నారు. శిలీంధ్రం మంచి ఫలితం ఇచ్చినది. కాని అది పెండ్లితీగకు మాత్రమే శత్రువు, ఏథియోపికస్‌ను తాకదు. దానిని మొదలులోని కొమ్ముతోసహా త్రవ్వి తీయడమే ముఖ్యమైన ఉపాయం.

ఫెర్న్ పిచ్చి అడవినుండి మొక్కలను ఇంటికి తెచ్చి అడవిని పేదది చేసినది. దాని వెనుక వచ్చిన మొక్కలు ఇంటినుండి అడవికి పోయి ఇంకొక విధంగా పేదది చేసినవి. ఇందులో మొక్క దోషమేమీ లేదు. ఈ మొక్కను పెంచడం మానవలసిన అవసరమూ లేదు. పండ్లు కాచిన కొమ్మలను, పెకలించిన మొదళ్ళను కాలువగట్లపైన, తోటల అంచులలో పారవేయకుండా చూస్తే చాలు. ఈ జాగ్రత్త ఏ దేశంలోనైనా అవసరమే.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఒక చిన్న పరిశీలనతో ముగించవచ్చును. ఒక ఆస్పరాగస్ కొమ్మను, ఒక ఫెర్న్ ఆకును ప్రక్కప్రక్కన ఉంచి విద్యార్థులచేత భూతద్దంతో చూపించాలి. ఒకదాని అడుగున సిద్ధబీజాశయాల చుక్కలు కనిపిస్తాయి. రెండవదానిలో సూదుల గుత్తి మొదట ఎండు పొలుసు కనిపిస్తుంది. ఆ పొలుసును స్వయంగా చూచిన విద్యార్థి ఈ మొక్కకు ఎంత నీరు పోయాలో, పండిన కొమ్మను ఎక్కడ పారవేయరాదో తానే చెప్పగలడు.